డోలు లేని పరీక్ష

జీతం పట్టీలో నా ఉద్యోగం పేరు టెక్నీషియన్.
బల్బులు మార్చే జోత్సీదీ అదే పేరు.
పంతొమ్మిదేళ్ళుగా ఈ అక్రా యూనివర్సిటీలో
డాన్సు డిగ్రీ చదివే పిల్లలకి
సొగో డోలు వాయిస్తున్నాను.
మొహాలకంటే మడమలే నాకు బాగా గుర్తు.

మొదటి ఏడు
అద్దంలో తమని తాము చూసుకుంటూ ఆడతారు.
రెండో ఏడు అనాటమీ.
ఎముకల పేర్లు వల్లెవేస్తూ
మెట్లు దిగడం మర్చిపోయి పడతారు.
మూడో ఏడు నోటేషన్,
ఆటని కాగితం మీద పెట్టే విద్య.
కింది నుంచి పైకి చదవాలట,
బావిలోంచి నీళ్ళు తోడినట్టు.
కుడికాలికో గడి, ఎడమకాలికో గడి.
నల్లగా నింపితే ఒళ్ళు కిందికి దిగినట్టు,
చుక్క పెడితే నిలకడ,
ఏటవాలు గీతలు గీస్తే పైకి లేచినట్టు.
డాక్టర్ ఆంపోమా ఒకసారి నాకూ నేర్పబోయింది.
"నువ్వు వాయించేదే ఇది, వొలాన్యో" అని చూపిస్తే
చచ్చిన చీమల్ని వరసగా పేర్చినట్టుంది.
ఆ మాట పైకి అనలేదు.

యాయ్రా వాళ్ళ నాన్న ట్రోట్రో నడుపుతాడు.
ఫీజు కట్టడానికి వచ్చినప్పుడల్లా
ఇంజను ఆపకుండా గేటు దగ్గర నిలబెట్టి
నన్నడిగేవాడు:
"ఆడటం సరే, మార్కులెలా వేస్తారయ్యా?
కిందపడితే సున్నానా?"
నవ్వేసేవాణ్ణి. జవాబు నాకూ తెలీదు.

డిసెంబరు. హర్మటాన్ గాలి
కిటికీ అద్దాలకి సున్నంలా దుమ్ము పూసింది.
పేపరు మూడు గంటలు.
నాలుగో ప్రశ్న:
అగ్బజా మొదటి ఎనిమిది దరువులకు నోటేషన్ రాయుము.
కాపలాకి కెమిస్ట్రీ ఆయన్ని వేశారు.
ఆ పూట నాకు పని లేదు.
అయినా కిటికీ కింద బెంచీ మీద కూర్చున్నాను,
వండి వార్చి
పంక్తిలో చోటు దొరకని వంటవాడిలా.

గంటన్నర దాటాక
యాయ్రా కలం కింద పెట్టిందట.
కళ్ళు మూసుకుని
భుజాలు వెనక్కి లాగి, వెన్ను తెరిచి, మూసి,
మళ్ళీ తెరిచి
కెమిస్ట్రీ ఆయన ఫిట్స్ అనుకుని
నీళ్ళ సీసాతో పరిగెత్తాడట.
"ఏం లేదు సార్, గుర్తు చేసుకుంటున్నా."
వెనక బల్లలో నాదూ నవ్వాపుకోలేక
తనూ మొదలెట్టింది. ఆ పక్కన సెన్యో.
ఇవన్నీ తర్వాత చెప్పగా విన్నవి.
నేను నా చెవులతో విన్నది చెప్పులు.

ఇరవై మూడు జతల చెప్పులు
సిమెంటు నేల మీద, బల్లల కింద,
గుసగుసకంటే మెల్లగా
అగ్బజా నడుస్తోంది.
గంట లేదు, గిలక లేదు, నేను లేను.
ఎవరిది ఏ మడమో కళ్ళకి కట్టింది:
సెన్యో తొందర, నాదూ బరువు,
మూల బల్లలో ఎవరో భయంతో సగమే వేస్తున్న అడుగు.
ఐదో దరువు దగ్గర యాయ్రా
ఎప్పట్లాగే వెంట్రుకవాసి ఆలస్యం.

అక్కడ నేనెప్పుడూ డోలంచు మీద
చిన్నగా ఒకటి తట్టి అందిస్తాను.
మూడేళ్ళుగా అందిస్తూనే ఉన్నాను.
చెయ్యి దానంతటదే బెంచీ మీదికి లేచింది.
అప్పుడు తట్టింది బుర్రకి:
ఈ చెక్క మీద ఇప్పుడు వేలు పడితే
అది కాపీ.
కిటికీలోంచి చీటీ విసిరినట్టే.
పిల్లని డిబార్ చేస్తారు.

రెండు చేతులూ తొడల కింద పెట్టి
వాటి మీద కూర్చున్నాను.
ఐదో దరువు వచ్చింది. వెళ్ళింది.
ఆలస్యం.
మళ్ళీ వచ్చింది. ఆలస్యం.
మూడోసారి
చెప్పు ఆగింది.
గది మొత్తం నడుస్తుంటే ఆ ఒక్క చెప్పు ఆగి,
కాసేపటికి
కాగితం మీద కలం గీరిన చప్పుడు.

తప్పు దిద్దుకుని రాసిందో,
ఆ వెంట్రుకవాసి ఆలస్యానికే
ఒక గుర్తు కనిపెట్టి పెట్టిందో
ఆంపోమా చెప్పలేదు, నేనడగలేదు.
చూపించినా చదవలేను.

పేపర్లు తీసుకున్నాక బయటికొచ్చింది,
వేళ్ళ నిండా సిరా.
"ఇక్కడేం చేస్తున్నావ్? పద, వాచే తిందాం,
ఆకలి చంపేస్తోంది."
లేవబోయాను. చేతులు రెండూ నావి కావు, తిమ్మిరి.
"కాసేపాగు" అన్నాను,
"రక్తం రానీ."